భూసార పరీక్షల డేటాబేస్ నుండి ప్రతి కమతానికి తాజా నమోదును రాబట్టడం: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నేపథ్యంలో క్వెరీల రచన

తెలంగాణలో 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడినవి. వీటిలోని అధిక భాగం ఉమ్మడి వరంగల్ జిల్లాకు చెందినదే అయినా, అంతా అక్కడిది కాదు. గార్ల, బయ్యారం మండలాలు ఖమ్మం నుండి మహబూబాబాద్‌లోను, మహదేవ్‌పూర్, కాటారం మండలాలు కరీంనగర్ నుండి భూపాలపల్లిలోను చేరినవి. గోదావరి తీరంలోని వాజేడు, వెంకటాపురం మండలాలు ఖమ్మం నుండి మొదట భూపాలపల్లికి, 2019 ఫిబ్రవరి 17న ములుగు జిల్లా ఏర్పడినప్పుడు అక్కడి నుండి ములుగుకు మారినవి. అంటే, మూడేళ్ళు నిండకుండానే ఆ రెండు మండలాల పొలాలు కాగితాలపై మూడు జిల్లాలను చూసినవి. నేల కదలలేదు, నమోదు కదిలినది.

ఇదే కాలంలో మరొక పని కూడా జరుగుతూ వచ్చినది. 2015 ఫిబ్రవరి 19న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన భూసార ఆరోగ్య పత్రాల పథకం కింద 2015-17, 2017-19 సంవత్సరాలలో రెండు విడతలుగా మట్టి నమూనాలు సేకరించి, పన్నెండు అంశాలను విశ్లేషించి రైతులకు పత్రాలు ఇచ్చారు. ఉదజని సూచిక, లవణ సూచిక, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్ అనేవి ఆ పన్నెండు. తరువాతి సంవత్సరాలలోనూ వేర్వేరు కార్యక్రమాల కింద పరీక్షలు కొనసాగినవి. కనుక ఒకే పొలానికి డేటాబేస్‌లో రెండు, మూడు, కొన్నిచోట్ల అంతకు మించిన నమోదులు ఉండడం సహజం. సీజను ముందు విస్తరణాధికారికి కావలసినది వాటిలో ఒక్కటే: చిట్టచివరిది.

వినడానికి సులభంగా ఉన్న ఈ కోరిక, డేటాబేస్ క్వెరీల రచనలో తరచుగా తప్పు జరిగే చోట్లలో ఒకటి. పైగా ఈ తప్పు కంటికి కనబడదు. క్వెరీ విఫలం కాదు, హెచ్చరిక రాదు, జాబితా నిండుగానే వస్తుంది. కాకపోతే అందులోని కొన్ని వరుసలు ఏడేళ్ళ నాటివై ఉంటాయి. ఆ వరుసల ఆధారంగా ఎరువుల మోతాదు సిఫారసు అవుతుంది.

(ఈ వ్యాసంలో క్వెరీ ఆజ్ఞల పేర్లు తెలుగు లిపిలో ఇవ్వబడినవి. కంప్యూటరుకు వాటిని ఆంగ్లాక్షరాలలోనే ఇవ్వాలి. 'కమతం' అనే మాట ఇక్కడ ఒక సర్వే నంబరు ఉపవిభాగానికి వాడబడినది.)

పాత నమోదును చెరిపివేయకూడదా?

కొత్త ఫలితం రాగానే పాత వరుసపైనే దానిని రాసివేస్తే ఈ చిక్కంతా ఉండదు గదా అన్న ప్రశ్న విద్యార్థులకు సహజంగా కలుగుతుంది. అలా చేస్తే కమతానికి ఒకే వరుస మిగులుతుంది. క్వెరీ ఒక్క పంక్తిలో ముగుస్తుంది. కాని పరిశోధన అక్కడే ఆగిపోతుంది. చల్కా నేలల్లో సేంద్రియ కర్బనం పెరుగుతున్నదా, తరుగుతున్నదా అన్నది తెలియాలంటే పాత విలువ ఉండాలి. రైతు చేతిలోని పత్రంలో ఒక అంకె, కార్యాలయంలోని తెరపై మరొక అంకె కనిపించినప్పుడు ఏది ఎప్పటిదో తేల్చడానికీ పాత విలువ ఉండాలి. రెవెన్యూ దస్త్రాలలో పాత పహాణీని ఎవరూ చింపివేయరు; భూసార దస్త్రానికీ అదే న్యాయం వర్తిస్తుంది.

కనుక ప్రతి పరీక్షకూ, ప్రతి సవరణకూ ఒక కొత్త వరుస చేర్చడమే సరైన పద్ధతి. దానికి చెల్లించవలసిన మూల్యం ఏమిటంటే, 'తాజా' నమోదు ఎక్కడా సిద్ధంగా ఉండదు. అడిగిన ప్రతిసారీ ఎంపిక చేసుకోవలసి ఉంటుంది.

'తాజా' అంటే ఏ తేదీ ప్రకారం?

ఒక మట్టి నమూనాకు కనీసం మూడు తేదీలు ఉంటాయి. పొలంలో మట్టి తీసిన తేదీ ఒకటి, ప్రయోగశాలలో విశ్లేషణ ముగిసిన తేదీ మరొకటి, ఫలితం కంప్యూటరులో నమోదైన తేదీ ఇంకొకటి. పని సాఫీగా సాగినప్పుడు ఈ మూడూ ఒకే క్రమంలో నడుస్తాయి. అప్పుడు ఏ తేదీతో చూసినా ఒకే జవాబు వస్తుంది. సాగనప్పుడే ఇబ్బంది. ఒక కార్యాలయంలో 2017 నాటి కాగితపు ఫలితాలు కొన్ని నమోదు కాకుండా ఉండిపోయి, వాటిని 2023లో తీరిక చేసుకుని ఎక్కించారని అనుకుందాం. నమోదు తేదీ ప్రకారం చూస్తే ఆ పాత ఫలితాలే 'తాజా' అవుతాయి. 2022లో తీసిన అసలు తాజా నమూనా వెనుకకు పోతుంది.

అలాగని నమోదు తేదీని పక్కన పెట్టివేయడానికీ వీలులేదు. 2022 నాటి నమూనాలో జింకు విలువకు దశాంశ బిందువు తప్పుగా పడితే, దానిని సరిచేస్తూ అదే నమూనా తేదీతో మరొక వరుస చేరుతుంది. ఈ రెండింటిలో ఏది నిలవాలో చెప్పగలిగేది నమోదు తేదీ, లేదా సవరణ సంఖ్య మాత్రమే. కాలంతో ముడిపడిన డేటాబేస్‌లపై విస్తృతంగా పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త రిచర్డ్ స్నాడ్‌గ్రాస్ మొదలైన పరిశోధకులు ఈ రెండు కాలాలను వేరుగా పాటించాలని చెబుతూ వచ్చారు: వాస్తవం చెల్లుబాటైన కాలం, ఆ వాస్తవం డేటాబేస్‌కు తెలిసిన కాలం. భూసార పరీక్షలో మొదటిది నమూనా తేదీ, రెండవది నమోదు తేదీ. వరుసక్రమం ముందు నమూనా తేదీ ప్రకారం, అది సమానమైతే సవరణ సంఖ్య ప్రకారం, అదీ సమానమైతే వరుస గుర్తింపు సంఖ్య ప్రకారం ఉండాలి. ఈ మూడవ మెట్టు అనవసరమనిపించవచ్చు. అది లేకుంటే సమానమైన రెండు వరుసలలో ఏది వస్తుందో డేటాబేస్ ఇష్టం; ఈరోజు ఒకటి, రేపు మరొకటి రావచ్చు.

తేదీల విషయంలో మరి రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, తేదీని అక్షరాల కాలమ్‌లో దాచడం. ఎక్సెల్ పత్రాల నుండి సమాచారం ఎక్కించినప్పుడు ఇది తరచుగా జరుగుతుంది. '31-05-2016', '02-06-2019' అనే రెండింటిని అక్షరాలుగా పోల్చితే మొదటి అక్షరం దగ్గరే 3 పెద్దది, 0 చిన్నది. కనుక 2016 నాటిదే తరువాతిదని యంత్రం నిర్ణయిస్తుంది. నెలాఖరున తీసిన నమూనాలన్నీ ఈ విధంగా శాశ్వతంగా 'తాజా' అయి కూర్చుంటాయి. సంవత్సరం, నెల, రోజు అనే క్రమంలో రాసినా ఈ ప్రమాదం తప్పుతుంది గాని, తేదీ రకపు కాలమ్‌నే వాడడం మేలు. రెండవది, ఖాళీ తేదీ. పోస్ట్‌గ్రెస్‌లో అవరోహణ క్రమం అడిగినప్పుడు ఖాళీ విలువలు అన్నిటికన్న ముందు వస్తాయి. మైఎస్‌క్యూఎల్‌లో చివరికి పోతాయి. తేదీ రాయని నమూనా ఒకటి ఉంటే పోస్ట్‌గ్రెస్‌లో అదే తాజా నమోదుగా ఎంపికవుతుంది. 'నల్స్ లాస్ట్' అని స్పష్టంగా చెప్పడం గాని, అసలు ఖాళీ తేదీని పట్టికలోకి రానివ్వకపోవడం గాని చేయాలి. రెండవదే ఉత్తమం.

ముందు ఎంపిక, తరువాత వడపోత

వేగం గురించి మాట్లాడే ముందు చెప్పవలసిన ముఖ్యాంశం ఇది. ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకోవచ్చు. జనగామ జిల్లాలోని ఒక కమతానికి మూడు నమోదులు ఉన్నవనుకుందాం. 2016 మే నాటి నమూనాలో లభ్య భాస్వరం తక్కువ. 2018 మే నాటి దానిలో మధ్యస్థం. 2023 ఏప్రిల్ నాటి దానిలో ఎక్కువ. ఏటా డి.ఏ.పి. వేస్తూ వచ్చిన పొలంలో ఇలా జరగడం వింతేమీ కాదు.

ఇప్పుడు 'భాస్వరం తక్కువగా ఉన్న కమతాల జాబితా, తాజా పరీక్షల ప్రకారం' కావాలి. చాలామంది క్వెరీని ఆ వాక్యం నడిచిన వరుసలోనే రాస్తారు: వేర్ భాగంలో 'భాస్వరం తక్కువ' అనే నియమం పెట్టి, మిగిలిన వరుసలలో ప్రతి కమతానికి గరిష్ఠ తేదీని తీసుకుంటారు. యంత్రం ముందుగా వడపోస్తుంది. పై కమతానికి చెందిన 2018, 2023 వరుసలు వడపోతలోనే పోతాయి. మిగిలినది 2016 నాటి ఒక్క వరుస; ఉన్నవాటిలో అదే తాజా కనుక జాబితాలోకి ఎక్కుతుంది. 'తక్కువగా ఉన్న నమోదులలో తాజాది' అనే ప్రశ్నకు ఇది జవాబు. అడగదలచినది 'తాజా నమోదు తక్కువగా ఉన్న కమతాలు'. రెండు ప్రశ్నల మధ్య మాటల తేడా కొద్దిపాటిదే. పొలంలో తేడా చాలా ఉంటుంది.

ఆ తేడాను లెక్కకట్టవచ్చు. పరీక్ష ఫలితం తక్కువైతే సిఫారసు మోతాదుకు 30 శాతం కలపడం, ఎక్కువైతే 30 శాతం తగ్గించడం మన ప్రాంతంలో అనుసరించే పద్ధతి. ఎకరాకు సిఫారసు 24 కిలోల భాస్వరం అనుకుంటే, తప్పుడు జాబితా ప్రకారం 31.2 కిలోలు, సరైన జాబితా ప్రకారం 16.8 కిలోలు వేయాలి. వ్యత్యాసం 14.4 కిలోలు. యాభై కిలోల డి.ఏ.పి. బస్తాలో 46 శాతం చొప్పున 23 కిలోల భాస్వరం ఉంటుంది. అంటే ఎకరాకు అర బస్తాకు పైగా డి.ఏ.పి. వృథా. ఖర్చుతోనే అది ఆగదు. భాస్వరం అధికమైన నేలలో పైరుకు జింకు అందడం తగ్గుతుంది. వరిలో జింకు లోపం కనబడినప్పుడు దాని మూలం ఒక వేర్ నియమం ఉన్న చోటులో ఉందని ఎవరూ ఊహించరు.

ఐతే అన్ని వడపోతలూ ఒకే రకం కావు. నమోదును బట్టి మారే గుణాలపై (భాస్వరం స్థాయి, ఉదజని సూచిక, ఫలితం ఆమోదం పొందినదా లేదా) పెట్టే నియమం ఎంపిక తరువాతే రావాలి. కమతానికి స్థిరంగా ఉండే గుణంపై (గ్రామ కోడ్ వంటిది) పెట్టే నియమం ముందే రావచ్చు, రావాలి కూడా. అనవసరమైన వరుసలను చదవకుండా అది కాపాడుతుంది. 'రద్దైన నమూనా' అనే గుర్తు విషయంలో మాత్రం ఆలోచించి నిర్ణయించాలి. తాజా నమూనా కలుషితమై రద్దైతే దాని ముందటి నమూనాను వాడాలా, లేక ఆ కమతానికి ఫలితమే లేదని చెప్పాలా? మొదటిదైతే రద్దు నియమం ఎంపికకు ముందు, రెండవదైతే తరువాత. ఇది కంప్యూటరు నిపుణుడు ఒంటరిగా తేల్చవలసిన సంగతి కాదు, భూసార శాస్త్రవేత్త చెప్పవలసినది.

క్వెరీ రాసే మార్గాలు

అన్నిటికన్న పాతది, అన్ని డేటాబేస్‌లలోనూ పనిచేసేది గ్రూప్ బై మార్గం. కమతం వారీగా గరిష్ఠ నమూనా తేదీని తీసి, ఆ జంటను మళ్ళీ అసలు పట్టికతో జతపరచి మిగిలిన కాలమ్‌లను తెచ్చుకోవడం. లోపం ఒకటే గాని చిన్నది కాదు: ఒకే తేదీతో రెండు వరుసలుంటే రెండూ వస్తాయి. తరువాత విస్తీర్ణం కూడినప్పుడు ఆ కమతం రెండుసార్లు లెక్కలోకి వస్తుంది.

రెండవ జతపరచడాన్ని తప్పించుకోవాలని కొందరు గ్రూప్ బై క్వెరీలోనే భాస్వరం, పొటాష్ కాలమ్‌లను నేరుగా అడుగుతారు. పోస్ట్‌గ్రెస్ దీనిని తిరస్కరిస్తుంది. మైఎస్‌క్యూఎల్ పాత వెర్షన్‌లు మాత్రం మౌనంగా అంగీకరించి, గరిష్ఠ తేదీని ఒక వరుస నుండి, భాస్వరం విలువను అదే కమతపు మరేదో వరుస నుండి తెచ్చి పక్కపక్కన నిలబెట్టేవి. 2015లో వచ్చిన 5.7 వెర్షన్ నుండి ఈ సౌకర్యం మొదటి అమరికలోనే నిలిపివేయబడినది. కాని పాత ప్రోగ్రాములు ఆగిపోతున్నవని ఆ కట్టడిని తొలగించుకున్న సర్వర్లు ఉండవచ్చు. తేదీ కొత్తది, విలువ పాతది: దీనికన్న మోసకరమైన తప్పు ఊహించడం కష్టం.

నేడు సాధారణంగా సిఫారసు చేయదగినది విండో ఫంక్షన్ మార్గం. ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోకి 2003లో వచ్చిన ఈ సదుపాయం పోస్ట్‌గ్రెస్‌లో 2009 నుండి, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్‌లలో 2018 నుండి లభిస్తున్నది. దాని రూపం ఇట్లుంటుంది:

రో_నంబర్ ఓవర్ (పార్టిషన్ బై కమతం ఆర్డర్ బై నమూనా_తేదీ డెస్క్, సవరణ_సంఖ్య డెస్క్, వరుస_గుర్తు డెస్క్)

ప్రతి కమతపు నమోదులూ విడివిడిగా పేర్చబడి, తాజా దానికి 1, దాని ముందటి దానికి 2 అనే సంఖ్యలు పడతాయి. దీనిని లోపలి క్వెరీగా ఉంచి, బయటి క్వెరీలో సంఖ్య 1 ఉన్న వరుసలను తీసుకోవాలి. భాస్వరం నియమం ఈ బయటి క్వెరీలో ఉండాలి. రో_నంబర్ ఎప్పుడూ ఒక్క వరుసనే ఇస్తుంది. దాని స్థానంలో ర్యాంక్ వాడితే సమానమైన వరుసలన్నిటికీ 1 పడుతుంది. జాబితాకు అది పనికిరాదు గాని, నమూనా తేదీ మాత్రమే ఇచ్చి ర్యాంక్ నడిపితే ఒకే తేదీతో రెండుసార్లు నమోదైన కమతాలన్నీ బయటపడతాయి. డేటా శుద్ధికి ఇది చక్కని సాధనం.

పోస్ట్‌గ్రెస్ వాడేవారికి 'డిస్టింక్ట్ ఆన్' అనే మరింత క్లుప్తమైన మార్గం ఉన్నది. కమతం, అవరోహణ తేదీ క్రమంలో పేర్చి, ప్రతి కమతానికి మొదటి వరుసను ఉంచి మిగిలినవి వదలివేయడమే అది చేసే పని. క్రమంలో కమతం మొదట రావాలన్న నియమం మరువరాదు. వేరే డేటాబేస్‌లకు మారే అవకాశమున్న ప్రాజెక్టులో విండో ఫంక్షన్ శ్రేయస్కరం.

వేగం ఎక్కడ వస్తుంది?

ఒక లక్ష కమతాలు, ఒక్కొక్కదానికి సగటున నాలుగు నమోదులు, మొత్తం నాలుగు లక్షల వరుసలు ఉన్నవనుకుందాం. ప్రతి వరుసకూ 'దీనికన్న తరువాతి నమోదు ఉన్నదా' అని పట్టికంతా వెతికే క్వెరీ, ఇండెక్స్ లేకుండా, నాలుగు లక్షలను నాలుగు లక్షలతో హెచ్చించినన్ని పోలికలు, అంటే 16,000 కోట్లు చేయవలసి రావచ్చు. అదే సమాచారాన్ని ఒకసారి క్రమంలో పేర్చుకుంటే పోలికలు 75 లక్షల లోపే. నిజానికి ఆధునిక డేటాబేస్‌లు మొదటి రకం క్వెరీని కూడా కొన్నిసార్లు తామే తిరగరాసుకుంటాయి. వాటి తెలివిపై ఆధారపడకుండా ఉండడం మంచిది.

ఆ పేర్చే పనిని కూడా తప్పించేది ఇండెక్స్. కమతం, నమూనా తేదీ, సవరణ సంఖ్య, వరుస గుర్తు అనే నాలుగు కాలమ్‌లను ఇదే క్రమంలో, క్వెరీలో ఉన్న దిశలోనే చేర్చి ఒకే ఇండెక్స్ నిర్మించాలి. నాలుగింటికి నాలుగు వేర్వేరు ఇండెక్స్‌లు పెట్టడం విద్యార్థులు చేసే సాధారణ పొరపాటు. అవి ఈ పనికి దాదాపు ఉపకరించవు. సంయుక్త ఇండెక్స్‌లో ఒక కమతపు నమోదులన్నీ పక్కపక్కన, తాజాది మొదటగా ఉంటాయి. పుస్తకం వెనుక ఉండే పదసూచిక వంటిదే ఇది, కాకపోతే ప్రతి పదం కింద పుట సంఖ్యలు చివరి నుండి మొదటికి ఇచ్చినట్లు. క్వెరీలో 'నల్స్ లాస్ట్' అని ఉంటే ఇండెక్స్‌లోనూ అదే ఉండాలి, లేకుంటే అది పేర్చడానికి పనికిరాదు.

ఇండెక్స్ ఉన్నా దానిని వాడుకోనివ్వని రాతలు కొన్ని ఉన్నవి. 'సంవత్సరం (నమూనా_తేదీ) = 2023' అని తేదీ కాలమ్‌ను ఒక ఫంక్షన్‌లో చుట్టితే సాధారణ ఇండెక్స్ అక్కరకు రాదు. '2023 జనవరి 1 మొదలు, 2024 జనవరి 1కి ముందు' అని హద్దులతో చెబితే వస్తుంది.

ఎన్ని కమతాలకు అడుగుతున్నామన్నది కూడా ముఖ్యమే. జిల్లా మొత్తానికి నివేదిక కావాలంటే పట్టికలోని వరుసలు ఎటూ చదవవలసినవే. విండో ఫంక్షన్ సరిపోతుంది. కాని తెలంగాణలో ఒక వ్యవసాయ విస్తరణాధికారి క్లస్టర్ సుమారు 5,000 ఎకరాలు. మహబూబాబాద్ జిల్లాలో ఒక అధికారి తన ఫోనులో అడిగేది కొన్ని వందల, మహా అయితే రెండు మూడు వేల కమతాల గురించే. అక్కడ పట్టికంతా చదివి పేర్చి, చివర గ్రామం ప్రకారం వడపోయడం దండగ. అప్పుడు కమతాల పట్టిక నుండి మొదలుపెట్టి, ఆ గ్రామాల కమతాలను తీసుకుని, ఒక్కొక్క కమతానికి ఇండెక్స్‌లో దిగి మొదటి వరుసను మాత్రం తెచ్చుకోవాలి. పోస్ట్‌గ్రెస్‌లో 2013 నుండి ఉన్న 'లేటరల్' జతపరచడం, దాని లోపల 'లిమిట్ 1' ఇందుకు ఉద్దేశించినవి. నాలుగు లక్షల వరుసల ఇండెక్స్‌కు మూడు నాలుగు అంచెల లోతు మించదు. రెండు వేల కమతాలకు ఆరేడు వేల పేజీల స్పర్శ చాలు, వాటిలో అధిక భాగం అప్పటికే జ్ఞాపకశక్తిలో ఉంటాయి. వేర్వేరు నమోదులు పెరిగే కొద్దీ ఈ పద్ధతి లాభం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే పాత వరుసలను అది తాకదు.

ఏ మార్గం మేలో వాదించే కన్న 'ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్' ఆజ్ఞతో చూడడం సులభం. డేటాబేస్ ఏ ఇండెక్స్‌ను వాడినది, ఎన్ని వరుసలు చదివినది, పేర్చడానికి ఎంత సమయం పట్టినది అన్నీ అది చెబుతుంది. ప్రయోగశాలలోని వంద వరుసల నమూనా పట్టికపై ఈ పరీక్ష చేయడం వ్యర్థం. అంత చిన్న పట్టికలో ఇండెక్స్‌ను వాడడం కన్న మొత్తం చదవడమే యంత్రానికి లాభం.

'ప్రస్తుత' గుర్తు పెట్టుకుంటే?

తాజా వరుసకు 'ప్రస్తుతం' అని ఒక గుర్తు పెట్టి, కొత్తది రాగానే పాతదాని గుర్తు తీసివేసే ఏర్పాటు కొన్ని వ్యవస్థలలో కనిపిస్తుంది. చదవడం అత్యంత వేగం. రాసేటప్పుడు మాత్రం రెండు పనులూ ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి. మధ్యలో కరెంటు పోతే ఒక కమతానికి రెండు 'ప్రస్తుత' వరుసలు, లేదా ఒక్కటీ లేకపోవడం జరగవచ్చు. 'ప్రస్తుతం' గుర్తున్న వరుసలకు మాత్రమే వర్తించే ఏకైక ఇండెక్స్ పెడితే రెండు ఉండడాన్ని డేటాబేస్ తానే అడ్డుకుంటుంది. పాత కాగితాలు ఆలస్యంగా ఎక్కినప్పుడు గుర్తు దేనికి పోవాలో మళ్ళీ నమూనా తేదీతోనే తేల్చాలి. అంటే ఎంపిక సమస్య పోలేదు, చదివే చోటు నుండి రాసే చోటుకు మారినది. రోజుకు వేలసార్లు చదివి, సంవత్సరానికి ఒకసారి రాసే భూసార సమాచారానికి ఈ మార్పిడి గిట్టుబాటే.

ఐతే ఈ గుర్తు ఒక ప్రశ్నకు జవాబివ్వలేదు: 'ఫలానా రోజు నాటికి తాజా ఏది?' విస్తరణ రంగంలో ఈ ప్రశ్న అరుదైనదేమీ కాదు. 2018 మే 10న ప్రారంభమైన రైతుబంధు వంటి పథకాలలో ఒక గడువు తేదీ నాటికి పట్టాదారు ఎవరన్నదే అర్హతకు ఆధారంగా ఉండేది. ఆ తరువాత జరిగిన కొనుగోళ్ళు ఆ సీజనుకు లెక్కలోకి వచ్చేవి కావు. 2018 వానాకాలానికి ఇచ్చిన ఎరువుల సిఫారసు సరైనదేనా అని పరిశీలించాలన్నా, ఆనాటికి డేటాబేస్‌కు తెలిసిన నమోదులనే చూడాలి. ఇక్కడ 'నమోదు తేదీ ఆ రోజుకు ముందు' అనే నియమం ఎంపికకు ముందే రావాలి. వడపోత ముందు రాకూడదన్న సూత్రానికి ఇది విరుద్ధం కాదు: గడువు తేదీ అనేది 'తాజా' అన్న మాట అర్థంలోనే భాగం.

మండలం మారినప్పుడు, సర్వే నంబరు చీలినప్పుడు

వ్యాసం ఆరంభంలో పేర్కొన్న వాజేడు ఉదాహరణకు వస్తే, జిల్లా పేరును మట్టి పరీక్ష వరుసలో రాయడమే మూలదోషం. 2016 వేసవి నాటి నమూనాలో 'ఖమ్మం', 2017 నాటి దానిలో 'జయశంకర్ భూపాలపల్లి', 2020 నాటి దానిలో 'ములుగు' అని ఉంటే, జిల్లాను కూడా కలిపి పార్టిషన్ చేసిన క్వెరీ ఆ ఒక్క కమతాన్ని మూడుగా భావించి మూడు 'తాజా' నమోదులు ఇస్తుంది. వాటిలో ఖమ్మం పేరున ఉన్నది ఎన్నటికీ పాతబడదు. వరుసలో గ్రామ కోడ్ మాత్రమే ఉంచి, ఏ గ్రామం ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు ఏ మండలంలో, ఏ జిల్లాలో ఉన్నదో వేరే పట్టికలో ఉంచాలి. భవిష్యత్ ప్రణాళికకు నేటి జిల్లాతోను, పాత నివేదికలతో పోల్చడానికి నమూనా తేదీ నాటి జిల్లాతోను జతపరచుకోవచ్చు. కోడ్‌లకు కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వారి స్థానిక ప్రభుత్వ డైరెక్టరీ అందుబాటులో ఉన్నది. పేర్లపై ఆధారపడితే జనగామ, జనగాం రెండు ఊళ్ళవుతాయి. మానుకోట అని ఎవరైనా రాస్తే అది మహబూబాబాదేనని యంత్రానికి తెలియదు.

సర్వే నంబరు చీలిక ఇంతకన్న కఠినమైనది. 212 నంబరు పొలం అన్నదమ్ములు పంచుకోగా 212/అ, 212/ఆ అయినదనుకుందాం. కొత్త రెండింటికీ పరీక్షలు లేవు. ఉన్న పరీక్ష 212 పేరున ఉన్నది. మామూలు క్వెరీ ఈ రెండు కమతాలకు ఖాళీ జవాబిస్తుంది, పైగా ఉనికిలో లేని 212కు తాజా నమోదు చూపిస్తుంది. ఏ ఉపవిభాగం దేని నుండి, ఎప్పుడు పుట్టినదో తెలిపే పట్టిక ఒకటి ఉంచి, సొంత పరీక్ష లేని కమతానికి మూల కమతపు తాజా నమోదును 'మూలం నుండి గ్రహించినది' అన్న గుర్తుతో చూపాలి. పథకం తొలి విడతలలో నమూనాలే సాగునీటి ప్రాంతంలో 2.5 హెక్టార్లకు ఒకటి, వర్షాధార ప్రాంతంలో 10 హెక్టార్లకు ఒకటి చొప్పున తీసినవి కనుక, చీలిన కమతానికి మూలపు ఫలితం వాడడంలో శాస్త్రీయంగా కొత్త దోషమేమీ చేరదు. ఆ గుర్తు మాత్రం తప్పక ఉండాలి. తరువాతి నమూనా సేకరణలో ఎవరి పొలానికి ముందుగా వెళ్ళాలో అదే చెబుతుంది.

క్వెరీ సిద్ధమైన తరువాత దానిని పొలం వద్ద సరిచూడడానికి పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. జిల్లాకు కొన్ని చొప్పున కమతాలను ఎంచుకోవాలి: రెండుసార్లు ఒకే తేదీతో నమోదైనది ఒకటి, చీలినది ఒకటి, జిల్లా మారిన మండలంలోనిది ఒకటి, ఆలస్యంగా ఎక్కించిన పాత కాగితం ఉన్నది ఒకటి, భాస్వరం స్థాయి కాలక్రమంలో మారినది ఒకటి. రైతు వేదికలో ఆ రైతుల చేతిలోని పత్రాలను, క్వెరీ ఇచ్చిన వరుసలను పక్కపక్కన పెట్టి నమూనా తేదీని ముందుగా, విలువలను తరువాత పోల్చాలి. తేదీ కలవనిచోట విలువలు కలిసినా ఆ క్వెరీని అంగీకరించరాదు.